ముప్పై ఒకటో తారీఖు

కంపెనీ అప్పుల ఆఫీసు కిటికీ అవతల గుమాస్తా నోట్లు లెక్కపెట్టి, "నూట ఇరవై తక్కువ" అన్నాడు. వరసలో మా ముందున్న గుండీలక్క ముఖం పాలిపోయింది.

మా ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టే మనిషి ఆమె. తల్లి ఆపరేషన్ కోసం ముప్పై ఆరు వేలు తీసుకుంది, నూటికి ఏడాదికి ఇరవై నాలుగు వడ్డీకి. ఏడాది తిరిగేసరికి కడుపు కట్టుకుని అసలూ వడ్డీ రెండూ తెచ్చింది.

"రోజుకి ఇరవై నాలుగు. ఏడాదికి మూడొందల అరవై రోజులని మీ పత్రంలోనే ఉంది కదయ్యా!"

"రోజు వడ్డీ తేల్చడానికి మూడొందల అరవై. వసూలుకి మూడొందల అరవై ఐదు. పూర్తిగా కట్టేదాకా పత్రం ఇవ్వం." కిటికీ మూసేశాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో అందరం మూగాం. మాలో పెద్దవాడు, గుడ్డ కత్తిరించే మామ, కసిరాడు. "నూట ఇరవై కోసం పోయి పోయి కొండను ఢీకొంటావా? వాళ్ల మొహాన కొట్టి ఊపిరి పీల్చుకో తల్లీ!"

"నా ఒక్కదానిదే అయితే కొట్టేదాన్నే మామా. జీతానికి ఏ నెలకైనా ముప్పై రోజులే అంటారు. ముప్పై ఒకటిన మన చాకిరీ ఊరికే. అదే రోజుకి వడ్డీ మాత్రం నడుస్తుంది!"

"మరి ఫిబ్రవరి ఇరవై ఎనిమిదేగా?" అన్నాడు మామ.

"అది తీసేసినా ఏడాదికి ఐదు రోజులు మింగుతున్నారు. ఇక్కడ అప్పులేనివాళ్లెవరో చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. మామ కంచం పక్కకు నెట్టాడు.

జీతానికీ వడ్డీకీ ఒకటే లెక్క ఉండాలని రాసి రెండు వందల మందిమి సంతకాలు పెట్టాం. మేనేజరు నవ్వాడు. "ఇది బ్యాంకుల ఆచారం. మీకు అర్థం కాదులే."

అర్థమైంది కనుకే ముప్పై ఒకటిన గేటు ముందు బైఠాయించాం. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "లోపలికి నడవండి! ఇవాళ సరుకు వెళ్లాలి!"

"ఇవాళ ఎక్కడుంది బాబూ? మీ జీతాల పుస్తకంలో నిన్నటితో నెల అయిపోయిందిగా!" అరిచింది మామే. రోడ్డంతా నవ్వులు.

పోలీసు వ్యాన్ వచ్చింది. గుండీలక్కను రెక్క పట్టి లాగారు. మామ అడ్డం నిలబడ్డాడు, ఆయన్నీ ఎక్కించారు. మేం గేటు ముందు నుంచి కదల్లేదు. వ్యాన్ ఊచల్లోంచి అక్క కేక వేసింది. "పత్రాలు చదవండర్రా! ఒక్కో అక్షరం చదవండి!"

వ్యాన్ మలుపు తిరగకముందే ఎదుటి నూలు మిల్లు గేటు తెరుచుకుంది. మడతల్లో నలిగిన అప్పు పత్రాల నకళ్లు పట్టుకుని ఆడామగా రోడ్డు దాటి వస్తున్నారు.

"మాదీ కాస్త చదివి పెట్టండి" అంది ముందున్నామె.

రోడ్డు మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టాం, గట్టిగా.