కడగని గది

బెంచీ తుడిచేటప్పుడు గుడ్డను చెక్క సందు వెంబడి లాగాలి. అడ్డంగా లాగితే మురికి సందులోనే ఉండిపోతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆరు గదులు, గదికి ఇరవై బెంచీలు, రోజుకు రెండుసార్లు తుడిచి తెలుసుకున్నాను. ఫినాయిల్ నీళ్లకు వేళ్ల తోలు ఊడి, అన్నంలో కారం ఊరిమిండి పచ్చడి కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.

యాభై ఏడులో ఫ్లూ జ్వరం కర్నూలుకు వచ్చినప్పుడు మా కాలేజీ మూయలేదు. పిల్లలు ఎడంగా కూర్చోవాలన్నారు, కిటికీలు తెరవాలన్నారు, సగంమంది పొద్దున, సగంమంది మధ్యాహ్నం రావాలన్నారు. ప్రతి విడతకు ముందు గదులు కడగాలన్నారు. అన్నవాళ్లందరూ మగవాళ్లు. కడిగేది నేనూ, నాతో పనిచేసే మహాదేవమ్మా. మూసింది ఒక్కటే, సాయంత్రం వరండాలో మా ఆడవాళ్లకు అక్షరాలు నేర్పే బడి. "ఆడోళ్లు గుంపు కూడితే రోగం అంటుకుంటాది" అన్నాడు గుమాస్తా దాసన్న. మూడొందల మంది మగపిల్లలకు అంటని రోగం పదకొండు మంది ఆడవాళ్లకు అంటుతుందట! నలభై ఆరేళ్లకు పలక పట్టినదాన్ని. గుణింతాల దాకా వచ్చి ఆగిపోయినాను.

మిగిలిన చదువు నల్లబల్ల మీద చదువుకున్నాను. దాసన్న ప్రతి గదిలో రాసేవాడు: "ఈ గది కడిగినాము. లోపలికి రావచ్చు." అది చూడనిదే ఎవరూ గడప దాటకూడదని ప్రిన్సిపాలుగారి ఉత్తర్వు. పిల్లలు ఆ రాతను నమ్మేవారు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నువ్వు ఏనాడు గుడ్డ పట్టినావప్పా అని లోపల్లోపల ఉడికేదాన్ని.

పోయిన మా ఆయన గుర్తుకొచ్చేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆయనకు వండినాను, ఉతికినాను, మంచాన పడిన ఆయన తల్లికి అన్నీ ఎత్తిపోసినాను. ఇంటికి ఎవరన్నా వస్తే, "దానికేం పనిలే, తిని కూచ్చుంటాది" అని నవ్వేవాడు. వచ్చినవాళ్లూ నవ్వేవారు, నేను ఇచ్చిన మజ్జిగ తాగుతూనే.

మహాదేవమ్మకు జ్వరం తగిలింది. "రెండు గదులు చేసి పోమ్మా, శానా పనేం కాదు" అన్నాడు దాసన్న. ఆమె మూడు రోజులు వణుకుతూ కడిగింది. నాలుగోనాడు పోయింది. ఆ వారమే ఆరోగ్యశాఖ ఆఫీసరు వచ్చినాడు. "దేవుడి దయ, మా కాలేజీలో ఒక్క ప్రాణమూ పోలేదు" అన్నారు ప్రిన్సిపాలుగారు. మంచినీళ్ల పళ్లెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

పదిరోజులకు నాకూ జ్వరం వచ్చింది. పొద్దున్నే గోడలు పట్టుకుని, దాసన్నకు చెప్పడానికి కాలేజీకి పోయినాను.

"అప్పా, ఒళ్లు కాలిపోతాండాది. ఈ చేతుల్తో తుడిస్తే బెంచీలకు రోగం పూసినట్టే. ఇంకెవరినన్నా పిలిపించు."

"ఇప్పటికిప్పుడు యాడ దొరుకుతారు? ఇంటికి పో. బోర్డు మీద రాసేసినాలే."

"కడగకుండానే రాసినావా?"

"ఎవరికి తెలుస్తాది? నువ్వేమో పెద్ద చదివినదాని మాదిరి మాట్లాడతాండావే!" అని నవ్వినాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు విన్న నవ్వే.

దాసన్న టీ తాగను పోయినాడు. నేను ఆరు గదులూ తిరిగినాను. వాడి రాతను కొంగుతో తుడిచి, సుద్దముక్క పట్టినాను. అక్షరాలు ఏటవాలుగా పోయినాయి. పోనీ అనుకున్నాను. "ఈ గది కడగలేదు. కడిగే మహాదేవమ్మ చచ్చిపోయింది. నాకూ జ్వరమే. అంజనమ్మ."

గంట కొట్టినారు. పిల్లలు గడప దగ్గర ఆగినారు, చదివినారు, వెనక్కి తిరిగినారు. ఆరు గదుల ముందూ అంతే. ఒక్కడూ లోపలికి పోలేదు.

దాసన్న పరిగెత్తుకుంటా వచ్చినాడు. "ఎవరే, ఎవరు రాసింది ఇది?"

నేను దూరంగా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. లేవలేదు.

"కింద పేరు ఉండాది" అన్నాను. "చదువుకోప్పా."