గేదె తేరుకున్న రోజు

రామతులసి కంకిపాడుకు కాపురానికొచ్చి ఆర్నెల్లయింది. పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్ళి, జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, దీపాలవేళకు ఇల్లు చేరేది. అత్తగారు కనకలక్ష్మి మాట కరుకు కాదు. అసలు మాటే తక్కువ. "తిన్నావా?" "తిన్నానత్తయ్యా." అంతకుమించి ఇద్దరి మధ్యా సాగేది కాదు.

ఆ రోజు రామతులసి చెప్పులు వేసుకుంటుండగా పశువుల పాకలోంచి అత్తగారి కేక వినబడింది. ముందురోజు ఈనిన గేదె కూలబడిపోయి, మెడ డొక్కలోకి తిప్పుకుని పడి ఉంది. చెవులు వేలాడిపోయాయి. భర్త హర్షవర్ధన్ ఊళ్ళో లేడు. రామతులసే పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

ఆయన వచ్చి గేదె చెవులు పట్టుకు చూశాడు. చల్లగా ఉన్నాయి. కాల్షియం పడిపోయిందని చెప్పి, మెడ నరానికి సూది ఎక్కించి, మందుసీసా రామతులసి చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నాడు. మందు దిగుతుంటే పక్కకెళ్ళి ఫోన్లో ఎవరితోనో "షి విల్ పెర్క్ అప్ సూన్" అని ఇంగ్లీషులో చెప్పాడు.

కనకలక్ష్మి మొహం పాలిపోయింది. "ఏంటమ్మాయ్, పెరుకుతానంటన్నాడు? దాన్నేం పెరుకుతాడు?"

రామతులసికి నవ్వొచ్చింది గానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి ఆపుకుంది.

"పెరకడం కాదత్తయ్యా. 'పెర్క్ అప్' అన్నారు. డీలాపడ్డది తేరుకుని హుషారవుతుందని. జ్వరమొచ్చిన పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగితే అట్లా అంటారు."

"ఆ ముక్కేదో తెలుగులో ఏడవచ్చుగా," అంది కనకలక్ష్మి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

సీసా అడుగంటేసరికి గేదె ఒళ్ళు సన్నగా వణికింది. పేడ వేసింది. ఒక చెవి కదిలింది, తర్వాత రెండోది. దూడ అరిస్తే రెండు చెవులూ అటు నిక్కబొడుచుకున్నాయి. కాసేపటికి వెనక్కాళ్ళు ముందు లేపి, ఊగుతూ నిలబడింది.

ఇవాళ్టికి పాలన్నీ పిండొద్దని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. చీరంతా పేడయిన రామతులసి కాలేజీకి సెలవు చెప్పి అరుగు మీద కూలబడింది. కనకలక్ష్మి రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి పక్కనే కూర్చుంది.

"మీ పుట్టింట్లో పాడి ఉండేదా?"

"లేదత్తయ్యా. నాన్నది రైల్వే ఉద్యోగం. పాల పాకెట్లే."

"మరి అంతసేపు చెయ్యి వణక్కుండా సీసా ఎట్టా పట్టుకున్నావే?"

"వణికిందత్తయ్యా. మీరు గేదెనే చూస్తూ ఉండిపోయారు."

కనకలక్ష్మి గ్లాసు కింద పెట్టి, కోడలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని మెల్లగా ఒత్తసాగింది.