బీరువాలో సముద్రం

ఎనిమిదో తరగతి పిల్లలకు సముద్రం చూపిస్తానని సోషల్ టీచరు స్వర్ణలత మాటిచ్చింది. ఆ బడి ఉన్నది మార్కాపురం నుంచి ఆటోల్లో వేలాడుతూ చేరాల్సిన ఊళ్లో. ఒంగోలు దాటి కొత్తపట్నం తీరం దాకా పోయినవాళ్లు ఆ తరగతిలో ఒక్కరూ లేరు. పులిహోర ఎవరు తేవాలో, కిటికీ పక్క సీటు ఎవరిదో పిల్లలు అప్పుడే పంచుకున్నారు, కొట్టుకున్నారు కూడా.

సరిగ్గా అప్పుడే బడికి వీఆర్ హెడ్‌సెట్ దిగింది. కళ్లకు కట్టుకుంటే లోకమంతా లోపలే కనిపించే డబ్బా. అదీ ఒక్కటే. హెడ్మాస్టరు మాలకొండయ్య దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. చదువులు బాగుపడటమంటే అదే మరి.

స్వర్ణలత బస్సు మాట ఎత్తగానే ఆయన చేతులు అడ్డంగా ఊపాడు.

“బస్సేంది మేడం, బస్సు! ఎవుడన్నా అలల్లో కొట్టుకపోతే వాళ్ల నాయనకు ఎవురు జవాబు చెప్పేది? సముద్రం మన బీరువాలోనే ఉంది గదా. తీసి చూపించండి, ఎంతసేపు చూస్తారో చూడనీ.”

ఎంతసేపంటే, తలకొక నిమిషం. పీరియడు అయిపోవాలి కదా! ఎలీషబా అనే పిల్ల డబ్బా కట్టుకోగానే, తడుస్తుందని చుడీదారు ప్యాంటు పైకి పట్టుకుంది. తరగతంతా గొల్లుమంది. స్వర్ణలతకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. మాలకొండయ్య ఆ దృశ్యాన్ని ఫొటో తీసి పైఅధికారులకు పంపాడు.

పైవాళ్లు మురిసిపోయారు. పిల్లల్ని గడప దాటించకుండా సముద్రాన్ని చూపించిన ఘనుడు, ఆ కిటుకేమిటో తోటి హెడ్మాస్టర్లకు వివరించాలని కబురు పంపారు. సదస్సు విశాఖపట్నంలో. బస బీచ్ పక్కనే హోటల్లో. ఆయన కొత్త సఫారీ కుట్టించుకుని మరీ బయల్దేరాడు.

మర్నాడు స్కూలు గ్రూపులో ఫొటో పడింది. మోకాళ్లలోతు నీళ్లలో మాలకొండయ్య, ముఖమంతా నవ్వు. స్వర్ణలతకు ఒళ్లు మండింది. అయినా పిల్లలు ఎగబడుతుంటే ఫోను చూపించక తప్పలేదు.

ఎలీషబా ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

“మేడం, సారు అంత దూరం ఎందుకు పోయినాడు? డబ్బా ఈడ్నే ఉంది గదా?”

ఆ గ్రూపులో పైఅధికారులు కూడా ఉన్నారు. స్వర్ణలత ఆ ప్రశ్నను ఒక్క అక్షరం మార్చకుండా, తన పేరు మీదే, ఫొటో కింద పెట్టేసింది. ఆపైన ఇంకో మాట చేర్చింది.

“బస్సు ఎప్పటికి మాట్లాడమంటారు సార్?”