జిల్లా పేజీ

నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఒకచోట పడాల్సినవి ఇంకోచోట పడతాయి. ఈ కాస్తా రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. అక్షరాలు నేర్చుకునేసరికే నాకు యాభై నాలుగేళ్ళు వచ్చాయి. మా చర్చిలో స్తుతి అనే టీచరమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్ద ఆడవాళ్ళని కూర్చోబెట్టి పలకలిచ్చేది. బైబిలు చదువుకుందామని చేరాను. బైబిల్లో అక్షరాలు సన్నగా ఉంటాయి, పేపర్లో పెద్దవి. అందుకని ముందు పేపరే చదవడం వచ్చింది.

గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దారిలో ఒక షెడ్డులో నేను మిరపకాయలకి తొడిమలు తీస్తాను. కేజీల లెక్కన కూలి. ఇంట్లో కోడలు లేచేలోగా అన్నం, కూర వండి, అబ్బాయికి డబ్బా కట్టి, నా డబ్బా కట్టుకుని వస్తాను. షెడ్డులో ముక్కుకి గుడ్డ కట్టుకుని ముప్పై మందిమి వరసగా కూర్చుంటాం. మిరప చేతులతో ఫోను ముట్టుకోలేం, కళ్ళు తుడుచుకోలేం. పొద్దున పని మొదలుపెట్టే ముందు టీ కొట్టు మాబు సాహెబ్ నాకు పేపరు ఇస్తాడు. దాన్ని నా ముందు నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, చేతులతో తొడిమలు తీస్తూ కళ్ళతో కూడబలుక్కుంటూ పైకి చదువుతాను. చదివేటప్పుడు చేతులు నెమ్మదిస్తాయి కదా. అందుకని నా వెనకబాటు పూడ్చడానికి తలా ఒక గుప్పెడు తీసిన కాయలు నా గంపలో వేస్తారు. ఎవరూ పెట్టిన పద్ధతి కాదు. ఒకరోజు నా పక్కన కూర్చునే సుబ్బరావమ్మ వేసింది, మిగతావాళ్ళూ వేశారు.

మా వరసలో అఖిల ఇంటరు చదివింది. గబగబా చదివేస్తుంది. కానీ వీళ్ళకి నా నిదానమే నచ్చింది. నేను మాట పూర్తి చేసేలోగా అదేమై ఉంటుందో తలా ఒకటి చెప్పి నవ్వుకోవచ్చు.

అలా ఎన్ని సంగతులు చదివానో. చట్టసభల్లో మూడోవంతు ఆడవాళ్ళకేనని చట్టం చేశారట, ఎప్పుడు అమల్లోకి వస్తుందో మాత్రం తెలియదట. తుళ్ళూరు దగ్గర రాజధాని పనులకి మళ్ళీ క్రేన్లు లేచాయట. శుక్రగ్రహం మీద రోజు, ఏడాది కంటే పెద్దదట. అది చదివిన రోజు సుబ్బరావమ్మ, "అక్కడ కూలి రోజుకా, కేజీకా?" అని అడిగింది. ఆక్టోపస్‌కి మూడు గుండెలని చదివితే, "ఒక్కదాన్నే మోయలేక చస్తన్నాం" అంది. మిరపకాయ అసలు మన దేశానిది కాదు, అయిదు వందల ఏళ్ళ కింద ఓడల్లో వచ్చిందంటే ఎవరూ నమ్మలేదు. "అయితే అంతకుముందు మనోళ్ళు దేనికి తుమ్మేవాళ్ళు పెద్దమ్మా?" అంది అఖిల.

పోయిన ఏప్రిల్‌లో ఒక మంగళవారం జిల్లా పేజీలో కింద చిన్న వార్త ఉంది. మా దారిలోనే ఉన్న కోల్డ్ స్టోరేజీలు కొన్ని వచ్చే సీజనుకి తొడిమలు తీసే యంత్రాలు తెస్తున్నాయట. ఒక్కో యంత్రం నలభై మంది పని చేస్తుందట. మా షెడ్డు పేరు కూడా ఉంది. కళ్ళతో చదివాను. నోటితో చదవలేదు. పక్కనున్న సినిమా వార్తకి వెళ్ళిపోయాను.

"ఆ కిందదేంటి, వదిలేశావు?" అంది సుబ్బరావమ్మ.

"ఏం లేదులే. మనకి పనికొచ్చేది కాదు."

ఆ వారమంతా సుబ్బరావమ్మ ఒకటే మాట మాట్లాడుతోంది. ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగు చేసేచోట ఆమె చెల్లెలు పని చూసింది. ఉండటానికి గది కూడా ఇస్తారు. శనివారం లోపల వస్తానో రానో చెప్పాలి. మా మేస్త్రి వీరాంజనేయులు, వచ్చే ఏడు కూడా కాయ దండిగా వస్తుంది, ఎటూ పోవద్దు అని అందరి దగ్గరా మాట తీసుకుంటున్నాడు. అతన్ని నమ్మి ఆమె ఒంగోలుకి రానని చెప్పేద్దామనుకుంటోంది. నేను కూడా, అంత దూరం ఎందుకులే అన్నాను. ఆ మాట అన్నది మంగళవారం తరవాతే. దాచడం ఇష్టం లేదు, రాసేస్తున్నాను.

ఎందుకు చదవలేదని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. నలుగురినీ ఏడిపించడం ఇష్టం లేక అనుకున్నాను. నిజమే, కానీ అదొక్కటే కాదు. పక్కన ఆమె లేకపోతే నాకు షెడ్డులో పొద్దుపోదు. ఆమె గుప్పెడు అందరి గుప్పెళ్ళ కంటే పెద్దది. నా నడుము ఇప్పుడు మునుపటిలా లేదు. ఆ గుప్పెళ్ళు లేకపోతే సాయంత్రం కాటా దగ్గర నా గంప సగమే ఉంటుంది.

మా ఆయన ప్రేమదాసు పేపరు చదివేవాడు. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి, ఏం రాశారని అడిగితే, నీకు చెప్తే ఏమొస్తది, పొయ్యి మీద కూర చూసుకో అనేవాడు. ముప్పై ఏళ్ళ కింద పర్చూరు దగ్గరున్న మా పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు మా కౌలు చేలో మిరప కోత జరుగుతోంది. ఆయన గడప మీద కూర్చుని చదివి, "అందరూ బాగున్నారంట. మీ అమ్మ నిన్నడిగిందంట" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోత అయ్యాక వెళ్ళాను. అమ్మ సమాధి మీద మట్టి అప్పటికే ఆరిపోయింది. మంచం దిగడం లేదు, వెంటనే పంపమని రాశాం కదమ్మా అన్నాడు మా అన్న. తిరిగొచ్చి ఆయన్ని అడిగాను. ఆయన కోప్పడలేదు. బుకాయించలేదు కూడా.

"చెప్తే పోయేదానివి. కాయ ఎవరు కోస్తారు?" అన్నాడు.

ఆ పూట కూడా నేనే వండాను.

ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ ఆ ఉత్తరం తలుచుకున్నప్పుడల్లా, నాకు చదువుంటే అలా జరిగేది కాదు అనుకునేదాన్ని. ఆ గురువారం అంట్లు తోముతుంటే తెలిసింది, చదువుండి నేను చేసింది కూడా అదే. ఆయనకి నా చేతులు కావలసి సగం చదివాడు. నాకు సుబ్బరావమ్మ గుప్పెడు కావలసి సగం చదివాను.

శుక్రవారం మంగళవారం పేపరే మళ్ళీ పరిచాను. ముందు జిల్లా పేజీ తిప్పి ఆ వార్త చదివాను. కూడబలుక్కోలేదు. అప్పటికే నాకు నోటికి వచ్చేసింది. ఎవరూ మాట అందివ్వలేదు. తొడిమలు తుంచే చప్పుడు కూడా ఆగిపోయింది. మేస్త్రి వచ్చి, నువ్వు కాయలు తీయడానికొచ్చావా, పని చెడగొట్టడానికొచ్చావా అన్నాడు. అబద్ధమా అని అఖిల అడిగితే, అదింకా ఖాయం కాలేదు అని వెళ్ళిపోయాడు.

సుబ్బరావమ్మ పేపరు వైపు చూసింది. "ఇది ఏనాటిది?"

"మంగళవారంది."

"ఆరోజే చూశావా?"

"చూశాను."

ఆమె గుప్పెడు కాయలు తీసి తన గంపలోనే వేసుకుంది.

"నాకు అక్షరం రాదు. ఎవరో ఒకరు చెప్తేనే తెలిసిద్ది. నువ్వు చెప్తావనుకున్నా" అంది. తిట్టినా బాగుండేది.

సోమవారం ఆమె ఒంగోలు వెళ్ళింది. చెప్పి వెళ్ళలేదు. ఇప్పుడు నేను జిల్లా పేజీ మొదట చదువుతాను. యంత్రాలొస్తే మాకేం పని ఇస్తారని అడగడానికి అఖిల ఒక అర్జీ రాసింది. నేను నా పేరు చివరిదాకా రాసి సంతకం పెట్టాను. షెడ్డులో నవ్వులు తగ్గాయి. నా గంపలో గుప్పెళ్ళూ తగ్గాయి, సాయంత్రం నడుము పట్టేస్తోంది. చదివితే ఆమె వెళ్ళిపోతుందని తెలిసే చదివాను. నేర్చుకున్న చదువుతో ఇంకొకరి కోసం నేను చేసిన మొదటి పని అది.

దేవరపల్లి రూతమ్మ, యాభై ఎనిమిదేళ్ళు. ప్రస్తుతం గుంటూరు పక్కన ఏటుకూరులో, కొడుకు ఇంట్లో.