నీడలో కట్టిన దండెం

నేను ఒక దండేన్ని. పుట్టడం కొబ్బరి పీచు తాడుగానే పుట్టాను. రెండు మేకుల మధ్య బిగించి, మీద తడి బట్టలు వేసిన రోజు నుంచి దండేన్నయ్యాను. మనుషులకు లాగే మాకూ చేసే పనిని బట్టి పేరు మారుతుంది.

కోనసీమలో ఒక తాటాకు పాక కింద ఇద్దరు ఆడవాళ్లు నన్ను పేనారు. ఒకామె రాట్నం తిప్పుతుంటే రెండో ఆమె ఒడిలో పీచు పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. నడిచినంత దూరమూ ఇద్దరూ తోడికోడళ్లను ఆడిపోసుకున్నారు. నేను గట్టిగా రావడానికి అదీ ఒక కారణమేమో. కొన్నాళ్లు లారీ మీద అరటిగెలలకు కట్టుగా తిరిగాను. తరువాత ఒక ట్రాలీ ఆటో అతని చేతిలో పడ్డాను. తణుకులో అబ్బులు అనే రైసుమిల్లు పనివాడు ఇల్లు మారుతున్నప్పుడు, ఆటో మీద బీరువాకు నన్నే చుట్టారు. బీరువా దించాక ఆటో అతను, "ఉంచుకో బాబాయ్, పనికొస్తది" అని నన్ను అక్కడే వదిలేశాడు.

"ఎక్కడ కట్టమంటావు?" అని అబ్బులు పెళ్లాన్ని అడిగాడు.

"ఎవరి కంటా పడని చోట" అంది బుల్లెమ్మ.

అలాంటి చోటు ఆ ఇంట్లో ఒకటే ఉంది. స్నానాల గదికీ ప్రహరీగోడకీ నడుమ సన్నని సందు. పైన రేకు. ఎండ అటు తొంగిచూసేది కాదు. అబ్బులు మేకులు కొట్టి, మిల్లులో బస్తాలకు వేసే ముడి వేసి నన్ను కట్టాడు.

నా మీద ఆరేవి ఆడవాళ్ల లోబట్టలు. అవైనా ఊరికే కాదు. వాటి మీద ఒక తువ్వాలు, తువ్వాలు మీద ఒక పాత చీర. పెళ్లికూతురికి కూడా అంత ముసుగు వేయరు. మేడ మీద నైలాన్ తాడు ఉండేది. దాని మీద కొడుకు నూకరాజు బనియన్లు పట్టపగలు ఎండలో రెపరెపలాడేవి. జల్లెడలా చిల్లులు పడ్డ బనియనుకు లేని సిగ్గు, కొత్త లోబట్టకు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. వానాకాలంలో నా మీద బట్ట ఎన్నాళ్లయినా ఆరేది కాదు. ముక్కవాసన వేసేది. అలాగే తీసి కట్టుకునేవారు.

కిందటి చలికాలం అబ్బులు పోయాడు. ఆయన పంచె బుల్లెమ్మ ఉతికి, మేడ మీదికి తీసుకెళ్లకుండా నా మీద ఆరేసింది. ఆరిన తరువాత తియ్యలేదు. చాలా రోజులు అలాగే ఉంది.

కోడలు మాణిక్యం బస్సు కండక్టరు. చుడీదారు మీద ఖాకీ చొక్కా, కింద ఒంటికి అతుక్కుపోయే లెగ్గింగు, భుజాన టిక్కెట్ల మిషను. రోజంతా నిలబడే పని. ప్రతి నెలా ముట్టుకు ముందు వారం ఆమె నడక మారిపోయేది. స్నానాల గదిలోంచి ఘాటు మందు వాసన వచ్చేది. గాయాలు కడిగే మందు వేడినీళ్లలో కలిపి కడుక్కునేది. కడిగినకొద్దీ మంట, మంట తగ్గితే దురద. గోడ అవతలి నుంచి ఆమె పళ్లు బిగబట్టి ఊపిరి పీల్చడం నాకు వినిపించేది.

ఒకరోజు బట్టలు ఉతుకుతూ, తలెత్తకుండా అంది. "డిపోకెళ్లి ఉద్యోగం మానేస్తానని చెప్పేస్తానత్తయ్యా."

"ఎందుకే? జీతం కుదురుగా వస్తుంటే ఏం పోయేకాలం?"

"బస్సు నిండా జనం. వాళ్ల మధ్య నిలబడి... నా వల్ల కావట్లేదు. కింద దురద. నెలనెలా సెలవు పెడితే, నీకు నెలకో చుట్టం చస్తాడా అని నవ్వుతున్నారు."

బుల్లెమ్మ చేతిలో సబ్బు పక్కన పెట్టింది. "ముట్టుకి ముందా?"

"మీకెలా తెలుసు?"

"నాకూ వచ్చేది. అందరికీ ఉండేదేలే అనుకున్నాను. ఎవరినడుగుతాం?"

"మామయ్యకి చెప్పలేదా?"

"ఆయనకా? ఆయన పన్ను నెప్పెడితే అది ఆయనకి నేను చెప్పాలి."

మాణిక్యం నవ్వబోయి ఆగిపోయింది. "చెడ్డ రోగమేమోనని భయంగా ఉందత్తయ్యా. మీ అబ్బాయి ఏమన్నా అనుకుంటే?"

"వాడా? వాడి బనియను వాడికి దొరకదు, నీ మీద అనుమానం ఎక్కడ దొరుకుతుంది? ముందు డాక్టరమ్మకి చూపిద్దాం. మానడం తరవాత మానుదువుగాని. నేనొస్తాను పద."

వాళ్లు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అన్నం కూడా తినకుండా నా కిందే చతికిలబడ్డారు. మాణిక్యం మొహంలో నెలల బరువు దిగినట్టుంది. డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ మళ్లీ చెప్పుకుంది. పరీక్ష చేసి, విరిగిన పాలలా తెల్లబట్ట అవుతోందని మాణిక్యం చెబితే, ఇది బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ అందట. ఆ జీవి చాలామంది ఒంట్లో కొద్దిగా ఉంటుందట. ముట్టుకు ముందు రోజుల్లో ఒంట్లో హార్మోన్లు మారడంతో కొందరిలో అది పెరుగుతుందట. చెమట, తడి, బిగుతు బట్టలు దానికి తోడు. ఒక్కొక్కరికి వాసన ప్యాడ్లూ, సబ్బులూ పడకపోయినా దురద వస్తుందట.

"నేను తప్పు చేసినదాన్ని కాదత్తయ్యా. ఆవిడ ఆ మాట ముందే అంది, నేను అడక్కుండానే."

డాక్టరమ్మ లోపల పెట్టుకునే బిళ్లలు, పైన రాసే మందు ఇచ్చింది. ఆ ఘాటు మందు ఆపమంది. లోపల ఏమీ కడగొద్దు, పైపైన మామూలు నీళ్లు చాలంది. వదులైన నూలు బట్టలు వేసుకోమంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ఇది మాటిమాటికీ వస్తుందని రక్తపరీక్ష రాసింది. దుర్వాసన, పుండ్లు, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దంది. మళ్లీ వస్తే మందుల షాపులో అడిగి కొనుక్కోకుండా తన దగ్గరికే రమ్మంది.

"బట్టలెక్కడ ఆరేస్తారు అని అడిగి, ఎండలో ఆరెయ్యమని కూడా అంది కదా" అంది బుల్లెమ్మ. అంటూ తల పైకెత్తి నన్ను చూసింది. అక్కడ కట్టిన ఇన్నేళ్లలో ఆమె నన్ను అలా చూడడం అదే మొదలు.

మాణిక్యం గ్రహించింది. "ఇది మామయ్య కట్టింది. ఉండనీయండి. మేడ మీద ఇంకో తాడు కడదాం."

బుల్లెమ్మ అన్నం వడ్డించడానికి లేచింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కతే వచ్చింది. తడికి ఉబ్బి ముడి రాయిలా బిగిసింది. కత్తిపీట అందుబాటులోనే ఉంది, దాని జోలికి పోలేదు. తలలో సవరపిన్ను తీసి, ఒక్కొక్క పేట వదులు చేస్తూ చాలాసేపు విప్పింది. మధ్యలో ఒకసారి చేతులు ఆపి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. తరువాత మళ్లీ విప్పింది. నన్ను చుట్ట చుట్టి మేడ మీదికి తీసుకెళ్లి, నైలాన్ తాడు పక్కనే కట్టింది. ఆమె వేసిన ముడి అబ్బులు ముడిలా లేదు. అయినా నిలిచింది.

నూకరాజు పైకొచ్చి, నా మీద వరసగా ఆరేసినవి చూసి నీళ్లు నమిలాడు. "అమ్మా, ఎదురింటివాళ్లు చూస్తే?"

"చూస్తే చూశారు. వాళ్లు కట్టుకోరా? నీ చిల్లుల బనియను చూసి బతికే ఉన్నారుగా."

మరుసటి నెల దురద కొద్దిగా తల ఎత్తింది. మాణిక్యం ఆలస్యం చేయకుండా డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది. రక్తపరీక్షలో ఏమీ లేదని తెలిసింది. మందు ఇంకొన్నాళ్లు వాడింది. ఆ పై నెల ముట్టు వచ్చేదాకా అది రాబోతోందని ఆమెకు గుర్తే లేదు. ఆ మాట అత్తకు చెబుతూ నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుంది.

ఎండ నాకు పడదు. పీచు రాలుస్తున్నాను, ఒకచోట రెండు పేటలు తెగాయి. నీడలో ఉంటే ఇంకా చాలా కాలం నిలిచేదాన్ని. అయినా, పొద్దెక్కేసరికి నా మీద బట్టలు కరకరలాడుతుంటే, ఆ సందులో గడిపిన ఏళ్ల మీద నాకు బెంగ కలగలేదు.

ఇవాళ మాణిక్యం డ్యూటీ దిగి వస్తూనే ఖాకీ చొక్కా ఉతికి తెచ్చి నా మీద వేసింది.

"రేపు మొదటి బస్సు నాదే అత్తయ్యా. ఆరుతుందంటారా?"

బుల్లెమ్మ చొక్కా అంచు పిండి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఈ ఎండకి ఆరక ఏం చేస్తుంది. నువ్వొచ్చి అన్నం తిను."