గడియారం కింద కంటిమందు

పొద్దున్నే షట్టర్ ఎత్తి, బల్ల తుడిచి, కంటికి అద్దం బిగించుకుని కూర్చున్నాడంటే భోజనానికి తప్ప లేచే మనిషి కాదు గడియారాల మేస్త్రి. అందరూ ఆయన్ని భూతద్దం అనేవాళ్లు. చిల్లర తీసుకున్నా, టమాటాలు కొన్నా ఆ అద్దంలోంచి చూస్తే గానీ నమ్మేవాడు కాడు. అల్లుణ్ణి మొదటిసారి చూసినప్పుడూ అదే పని చేశాడట.

ఆయన వెనక గోడకి పెద్ద లోలకం గడియారం ఉండేది. దాని ముందు ఎవరైనా అబద్ధమాడితే ఆగిపోయేది, నిజం చెప్పాక మళ్లీ నడిచేది. అందుకే ఆ కొట్టులో అదొక్కటే ఎప్పుడూ వెనకబడి ఉండేది. బేరమాడాలనుకున్నవాళ్లు మర్యాదగా మెట్లు దిగి బయట ఆ పని కానిచ్చేవాళ్లు.

అలాంటి మనిషికి అద్దం పెట్టుకునే కన్నే ఎర్రబడింది. పొద్దున లేచేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోతున్నాయి. డాక్టరమ్మ చూసి, క్రిములు చేరాయని చెప్పి, రెండు మందులు కలిపిన ఆయింట్‌మెంటు ట్యూబు రాసింది. కూతురికి కన్ను ముట్టుకోవాలంటే భయం కాబట్టి మందు పెట్టే పని అల్లుడి మీద పడింది.

అక్కడే పుట్టింది అనుమానం. అల్లుడు అదే కొట్టులో, వెలుతురు అందని మూల, స్టూలు మీద పనిచేస్తున్నాడు. కిటికీ పక్కన ఉన్నది ఒక్కటే కుర్చీ, అది మామగారిది. ఆయన కన్ను పోతే అది ఎవరికి దక్కుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. పైగా ఒక జబ్బుకి రెండు మందులేమిటి? ఒకటి తగ్గించడానికైతే రెండోది దేనికి? కొట్టు పైన మేడ మీది ఇంట్లో అల్లుడు మందు పెట్టగానే లోకమంతా మసకబారేది. చూపు పోగొడుతున్నాడు అనుకుని మేస్త్రి కిందికి దిగి, చక్రాలు తుడిచే గుడ్డతో ఆ మందు కాస్తా తుడిచేసి, మళ్లీ అద్దం బిగించుకునేవాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

కన్ను తగ్గలేదు సరికదా, ఇంకా వాచింది. నల్లగుడ్డు మీద పుండు మొదలవుతోందని, ముదిరితే మచ్చపడి చూపు పోతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. కూతురు తిన్నగా కొట్టులోకి వచ్చి నిలదీసింది.

"మందు సరిగ్గా పెట్టించుకుంటున్నావా నాన్నా?"

"పెట్టించుకోకేం! పిసరంత కూడా పోనివ్వట్లేదు."

గడియారం ఆగింది.

మేస్త్రి దగ్గాడు. "కాస్త... తుడుస్తున్నాను."

గడియారం కదిలింది. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక దాచి లాభం లేదని మేస్త్రి అల్లుడి వైపు తిరిగాడు.

"అల్లుడు గారూ, ఆ రెండో మందు దేనికో ఇక్కడ చెప్పండి. దీని ముందు."

"ఏ క్రిమి చేరిందో చూడగానే తెలియదట మామయ్యగారూ. ఒకదానికి లొంగనిది రెండోదానికైనా లొంగుతుందని కలిపి ఇచ్చారు. పెట్టాక కాసేపు మసగ్గా ఉంటుందని మొదటిరోజే చెప్పానుగా."

లోలకం ఊగుతూనే ఉంది. అయినా మేస్త్రి వదల్లేదు.

"పోనీ, నా కుర్చీ మీద మీకు ఆశ లేదూ?"

"అబ్బే, లేదండీ."

గడియారం ఆగింది.

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రికి గెలిచినట్టే అనిపించింది, కానీ ఆ గెలుపు ఎందుకో రుచించలేదు.

"ఉంది," అన్నాడు అల్లుడు తలవంచుకుని. "ఆ మూల చీకట్లో పనిచేసి నా కళ్లూ లాగేస్తున్నాయి. మీరు లేస్తే బాగుండునని రోజూ అనుకుంటాను. కానీ మీ కన్ను పోవాలని ఒక్కనాడూ అనుకోలేదు."

ముగ్గురూ లోలకం వైపు చూశారు. గడియారం నడిచింది. నడుస్తూనే ఉంది.

మేస్త్రికి సిగ్గేసింది. కంటి అద్దం బల్ల మీద పెట్టి, వెళ్లి మూల స్టూలు మీద కూర్చుని, తల గోడకి వాల్చాడు. అల్లుడు మేడ మీదికి వెళ్లి ట్యూబు తెచ్చాడు.

"చేతులు కడుక్కున్నావా?"

"ఇప్పుడే కడుక్కుని వచ్చాను."

గడియారం ఆగలేదు.

"అయితే పెట్టు."

మందు కింది రెప్పలో చల్లగా పడింది. లోకం మసకబారింది. ఈసారి ఆయన తుడవలేదు.

"ఇది తగ్గేదాకానే నువ్వక్కడ కూర్చునేది. తగ్గాక నా కుర్చీ నాకు కావాల్సిందే," అన్నాడు.

గడియారం టక్కున ఆగింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

కన్ను తేటపడి, డాక్టరమ్మ ఇక మందు చాలన్న రోజుకి కూడా గడియారం అలాగే ఆగి ఉంది. ఆ పొద్దున మేస్త్రి కొట్టులోకి రాగానే అల్లుడు కుర్చీలోంచి లేవబోయాడు. ఆయన భుజం పట్టి ఆపాడు.

"కూర్చో నాయనా. వెలుతురు ఇక నీకే కావాలి."

లోలకం ఊగడం మొదలుపెట్టింది.