కిటికీ పక్క గోడ

లారీ మాట్లాడి గేటు దగ్గర ఆపించి ఆమె మూడో అంతస్తు ఎక్కి వచ్చేసరికి గదిలో తడి సున్నం వాసన గుప్పుమంది. అన్నయ్య నిచ్చెన మీద ఉన్నాడు. కిటికీ పక్క గోడ తెల్లగా మెరిసిపోతోంది.

"రెండో పూత," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "గది ఎలా ఇచ్చానో అలాగే అప్పగించాలన్నాడుగా మీ ఓనరు. ఇక నిన్ను ఒక్క మాట అనడానికి లేదు."

ఆమె చేతిలోని సంచి జారిపోయింది. అందులో దళసరి కాగితాల పుస్తకం ఉంది. ఆ గోడ కోసమే కొన్నది.

పన్నెండేళ్లుగా ఆమె ఆ గదిలో బొమ్మలు వేస్తోంది. పేరుకే గది, నిజానికి గోదాము. గోడలకు ఆనించిన కాన్వాసులు, వాటికి ఆనించిన ఇంకొన్ని కాన్వాసులు, కుంచెలు గడ్డకట్టిన డబ్బాలు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన ప్రతి చెక్కముక్క. నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. అంత ఇరుకులోనూ కిటికీ పక్క గోడకు మాత్రం దేన్నీ ఆనించనిచ్చేది కాదు. కొత్త రంగు కలిపిన ప్రతిసారీ ముందు ఆ గోడ మీద బొటనవేలంత మచ్చ పెట్టేది. పక్కనే ఏ రంగు ఎంత కలిపిందో పెన్సిలుతో రాసేది. పుస్తకంలో రాసుకోవచ్చుగా అంటే, "పుస్తకం ఈ గదిలో దొరికి చావద్దూ? గోడైతే ఎక్కడికీ పోదు," అనేది. సామానంతా కట్టేశాక తీరిగ్గా చూసి రాసుకుందామని దాన్ని ఆఖరికి ఉంచింది.

ఆ మచ్చల్లో ఒకటి అమ్మ.

అమ్మ ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసింది. ఒంటి రంగులో ఇటుక దుమ్ము ఇంకిపోయి, ఎంత రుద్ది కడిగినా విడిపోని రంగొకటి ఆ చేతులకు వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి కూతురికి రెండేళ్లు పట్టింది. చివరికి అమ్మను నాలుగు రోజులు ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రంగులు కలిపే కత్తి కొసన రంగు తీసి అమ్మ మణికట్టు పక్కన పెట్టి చూస్తూ, నాలుగో రోజు సాధించింది. "ఇన్నాళ్లూ ఇటుకలు, ఇప్పుడు నువ్వు. నా చేతులకు సెలవే లేదు," అని నవ్వింది అమ్మ. ఆ ఏడే పోయింది.

తాను చదువుకున్న కాలేజీ కోసం వేస్తున్న పెద్ద బొమ్మలో రెండు భాగాలు పూర్తయ్యాయి. మూడో దాంట్లో అమ్మ ముఖం, చేతులు ఉండాల్సిన చోటు తెల్లగానే ఉంది. కొత్త చోటికి వెళ్లాక, ఈ గజిబిజి లేనప్పుడు, స్థిమితంగా వేద్దామనుకుంది.

"ముందు గీకావా?" అని అడిగింది.

అన్నయ్య చిన్నబుచ్చుకున్నాడు. "గీకకుండా ఎవడన్నా వేస్తాడా? నూనె రంగు మీద సున్నం నిలుస్తుందా? ఒక్క పెచ్చు మిగల్లేదు. కొన్నిచోట్ల ఇటుక దాకా వెళ్లాల్సొచ్చింది. ఎంత మందాన పెట్టావే తల్లీ, నా భుజం పోయింది."

పద్నాలుగో ఏట నుంచి అతను గోడలకు రంగులు వేస్తున్నాడు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. ఎక్కించింది ఆ భుజమే. ఏ ఇంట్లో పనికెళ్లినా, "మా చెల్లెలూ రంగులే వేస్తుంది, కాకపోతే నాకంటే చిన్న బ్రష్షుతో," అని చెప్పుకునేవాడు. అలాంటివాణ్ణి ఏమనగలదు? కింద పడ్డ సంచిలోంచి పుస్తకం తీసి, ఖాళీ కాగితాలు తిప్పింది.

"ఏమైందే?"

"అందులో అమ్మ రంగుంది, అన్నయ్యా. ఇంకెక్కడా రాసుకోలేదు."

అతను మెల్లగా నిచ్చెన దిగాడు. బ్రష్షు నుంచి సున్నం కాళ్ల మీద కారుతున్నా చూసుకోలేదు.

"అవి రంగు సరిచూసుకోడానికి పెట్టుకున్న చుక్కలనుకున్నాను," అన్నాడు. "మేమూ పెడతాం. పనైపోయాక గీకేస్తాం."

"గీకిన పెచ్చులేవి?"

"రెండు గోనెసంచులు. గేటు దగ్గర పెట్టాను, చెత్తబండి కోసం."

ఇద్దరూ మెట్ల మీంచి పరుగెత్తారు. గేటు దగ్గర ఒకటే సంచి ఉంది.

"ఒకటి ఇప్పుడే ఎత్తుకెళ్లారు," అన్నాడు లారీ డ్రైవరు. "ఇది బరువుగా ఉందని మళ్లీ వస్తామన్నారు."

బండి ఎటు వెళ్లిందో అతనికి తెలియదు. ఆమె సంచిని కాలిబాట మీదే బోర్లించింది. దుమ్ము లేచి కళ్లలో పడింది. సిమెంటు పొడిలో నీలాలు, పచ్చలు, వందరకాల గోధుమరంగులు.

"ఇదా?" అన్నయ్య ఒక పెచ్చు ఎత్తి చూపించాడు.

"కాదు. అది ఎండుగడ్డి."

"ఇది?"

"అది తలుపు."

డ్రైవరు దగ్గరికొచ్చాడు. "మేడమ్, పన్నెండు దాటితే ఈ వీధిలో లారీ ఆపనివ్వరు. ఏం పోయింది, ఉంగరమా?"

"రంగు," అన్నాడు అన్నయ్య.

డ్రైవరు వెళ్లి లారీ ఎక్కి కూర్చున్నాడు.

అడుగు దాకా వెతికారు. అమ్మ ఈ సంచిలో లేదు.

"ఏమేం కలిపావో కాస్తన్నా గుర్తులేదా?" అన్నాడు అన్నయ్య.

"గుర్తుంటే గోడ మీదెందుకు రాస్తాను? అమ్మ ఎదురుగా ఉంటేనే రెండేళ్లు పట్టింది. ఇప్పుడెక్కణ్ణుంచి తేను?" అంది. పుట్టి బుద్ధెరిగాక అతని మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

అతను కాలిబాట అంచున కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తల వంచుకున్నాడు. ఎండ ఆ చేతుల మీద పడింది. వేళ్లకు సున్నం. వేళ్లు దాటాక, గోడ గీకినప్పుడు రేగిన ఇటుక దుమ్ము మణికట్టు ముడతల్లోకి చేరి, చెమటతో కలిసి ఆరిపోయింది.

వాడిది అచ్చం తల్లి పోలిక అని చుట్టాలందరూ అనేవాళ్లు.

ఆమె లేచి మెట్ల కిందికి పరుగెత్తింది. నిన్న అక్కడ దింపి పెట్టిన సామాను అడుగున ఉంది రంగుల పెట్టె. తాళ్లు విప్పే ఓపిక లేక పళ్లతో లాగి తెంపింది. కాన్వాసులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెనక్కి తిరిగి చూడలేదు. పెట్టె తెచ్చి అన్నయ్య ముందు గొంతుక్కూర్చుని, మూత మీదే రంగులు పిండింది.

"చెయ్యి ఇలా పెట్టు. దులుపుకోకు."

మొదటిది ఎర్రబడింది. రెండోది బూడిదలా చచ్చిపోయింది. అన్నయ్య చెయ్యి అమ్మ చేతికన్నా ఒక వీసం నలుపు. ఆ వీసాన్ని ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు.

లారీ హారన్ మోగింది.

"ఎంతసేపే?" అన్నాడు అన్నయ్య.

"అమ్మ నాలుగు రోజులు కూర్చుంది."

అతను లారీ వైపు చూశాడు. తర్వాత, ఆ చేతిని రెండో చేత్తో కింద నుంచి పట్టుకుని, కదలకుండా ఎండలోకి చాపాడు.

మూడోది కూడా అమ్మ కాదు. ఆమె కత్తిని చెంగుకు తుడిచి, మళ్లీ రంగు పిండింది.